ఒక్క మనిషి పట్టే గుడిసె

దుబాయ్‌లో చలికి చావబోయానంటే మా ఊళ్ళో ఒక్కడూ నమ్మడు. "ఎండకు సచ్చినోళ్ళను ఇన్నం గని, ఆడ సలికి సచ్చుడేందిరా" అని నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాసేటప్పుడు నవ్వేవాళ్ళ మొహాలు కనబడవు, అదొక సుఖం.

మా వైపు వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. నేను ఉన్నది అసలు దుబాయ్‌లో కాదు, అల్ ఐన్ అనే ఊరు దాటిపోయాక ఇసుకలో. అక్కడ కంపెనీ పెంచే అడవి ఒకటుంది. ఎడారిలో అడవేంటని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. ఇసుక దిబ్బల మధ్య వరసలు వరసలుగా చెట్లు నాటి, ప్రతి చెట్టు మొదట్లోకీ నల్ల పైపుతో చుక్కచుక్కగా నీళ్ళిస్తారు. ఏళ్ళు గడిచేసరికి అది నిజంగానే అడవైంది. అరబ్బులు గాబా అంటారు. నా పని ఆ పైపులు చూసుకోవడం. ఎక్కడ మూసుకుపోయింది, ఎక్కడ ఎలుక కొరికింది, ఎక్కడ ఎండకు పగిలింది, వెతికి అతకడం. పొద్దున్నే పఠాన్ డ్రైవర్ ఒక్కొక్కణ్ణి ఒక్కో బ్లాకు దగ్గర పికప్పులోంచి దింపేవాడు, సాయంత్రం ఎక్కించుకునేవాడు. ఆ మధ్యలో మనిషి మొహం కనబడదు.

చెట్లలో ఎక్కువ గాఫ్ చెట్లు. మొదటిరోజు వాటిని చూసి నిలబడిపోయాను. గాఫ్ ఏంటి, నా బొంద, అది మన జమ్మి. దసరా నాడు ఆకు తెంపి, బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్ళు మొక్కే జమ్మి. మా ఊళ్ళో ఒక్క చెట్టు చుట్టూ ఊరంతా తోసుకునేది, ఇక్కడ కనుచూపుమేర జమ్మే, తెంపేవాడు లేడు. కరోనా తగ్గిన ఏడు దసరాకు కొంచెం ఆకు తెంపి చొక్కా జేబులో వేసుకుని క్యాంపుకు తెచ్చాను. రూములో పాతవాళ్ళు ఎవరూ లేరు. కరోనా తర్వాత విమానాలు మొదలవగానే ఊరికి పోయినవాళ్ళు పోయినట్టే ఉండిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళలో మన భాష వాడు ఒక్కడే, నా పైమంచం వాడు, మంచిర్యాల దిక్కు మనిషి. మంచం మెట్ల దగ్గర నిలబడి చూశాను. వాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోన్లో ఏదో చూస్తున్నాడు, తల తిప్పలేదు. ఆకు జేబులోనే ఉండిపోయింది. తర్వాత బట్టలు పిండుతుంటే పొడిపొడిగా బయటికొచ్చింది.

ఒంటరితనం నాకు పడుతుందని అప్పట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. తలనొప్పి లేదు, గొడవ లేదు అనేవాణ్ణి. చెట్లతో మాట్లాడేవాణ్ణి, అంటే తిట్టేవాణ్ణి. "నీకెన్ని నీళ్ళు తాపినా గింతేనా పెరుగుడు" అని ఒకదాన్ని, "నీ పైపే రోజూ ఎందుకు పగుల్తది, నీకేమైనా తిక్కనా" అని ఇంకోదాన్ని. తిట్టడానికి కూడా మనిషి దొరకని చోట నోరు ఊరుకోదు కదా.

కరోనా పోయాక రెండో చలికాలం. జనవరిలో ఒకరోజు పొద్దుటినుంచే మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం తిన్న డబ్బా కడుక్కుంటుంటే వాన మొదలైంది. అక్కడి వాన మన వానలా ఉండదు. రాదు రాదు, వస్తే ఏడాది బాకీ ఒక్కసారే తీర్చుకుంటుంది. మోటారు ఆపాలని షెడ్డుకు పరిగెత్తాను. షెడ్డు పల్లంలో ఉంది, ఎవడి తెలివో గాని. నేను పోయేసరికి లోపల మోకాలి లోతు నీళ్ళు, గోడ మీద కరెంటు డబ్బా గుయ్యిమని మోగుతోంది. బయటి స్విచ్చు ఎలాగో ఆపి వెనక్కి తిరిగేసరికి కాలు జారింది. బోర్లా పడ్డాను. జేబులో ఫోను నీళ్ళు తాగి నల్లగా అయిపోయింది, ఎంత నొక్కినా పలకలేదు. డబ్బాలోంచి గుయ్యిమనే చప్పుడు ఇంకా ఆగలేదు. ఉన్న ఒక్క రేకుల కప్పు కిందికి పోవడానికి లేకుండా అయింది.

మా బ్లాకుకీ రోడ్డుకీ మధ్య ఒక ఒర్రె ఉంది, ఎండిపోయిన చిన్న వాగు. మామూలు రోజుల్లో ఒట్టి ఇసుక, పికప్పు దాని మీదినుంచే వస్తుంది. ఆ రోజు ఎర్రటి నీళ్ళు ఒడ్డుల్ని కోసుకుంటూ పోతున్నాయి. నేను ఇటు ఒడ్డున తడిసి వణుకుతూ నిలబడ్డాను. వాన అని అందరినీ ముందే క్యాంపుకు తోలుకుపోతున్నారు కాబోలు, అటు ఒడ్డుకు పికప్పు వచ్చి ఆగింది. పఠాన్ అద్దం కొంచెం దించి, చేత్తో సైగ చేస్తూ ఏదో అరిచాడు. నీళ్ళ హోరులో సగమే వినబడింది, ఎలా వస్తావు అంటున్నట్టుంది. మా బ్లాకుకు వెనకవైపు ఇంకో గేటుంది, నడిచి చేరే దూరం కాదు. అటునుంచి అప్పుడప్పుడు ట్యాంకరు వస్తుంది. ఆ రోజు రాలేదు, రాదు కూడా. ఆ సంగతి చెప్పాలి, తాడు తెమ్మనాలి, ఎవరినైనా పిలుచుకు రమ్మనాలి.

హిందీలో చలిని ఠండ్ అంటారని నాకు తెలియదా? ఏళ్ళ తరబడి ఠండా పానీ అడుక్కు తాగినవాణ్ణి. కానీ ఒళ్ళంతా వణుకుతూ పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నోట్లోంచి అమ్మ భాష తప్ప ఇంకోటి రాలేదు. "చలి! చలి!" అని అరిచాను. రెండు చేతులూ ఊపుతూ మళ్ళీ అరిచాను. పఠాన్ చెవిలో పడ్డది "చలే, చలే". పోండి, పోండి అని. వాడు సరేనన్నట్టు చెయ్యెత్తి, లైట్లు ఒకసారి వేసి ఆర్పి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నా నోట్లో మన్నుపడ. మా అమ్మ ఎప్పుడూ సలి అనే అంటుంది. బడికి పోయి నేను చలి నేర్చుకున్నాను. అమ్మలాగా సలి అని అరిచి ఉంటే ఆ పఠాన్ కనీసం ఇదేం మాటరా అని ఒక నిమిషం ఆగేవాడు. నా జన్మలో చదువు నాకు చేసిన మేలు అది.

బండి వెనక లైట్లు దిబ్బ చాటుకు పోయేదాకా "రుకో, రుకో" అని అరుస్తూనే ఉన్నాను. అప్పుడొచ్చింది హిందీ. తర్వాత నోరు మూసుకుని ఒడ్డున కూర్చుని ఆలోచించాను. నేను రాలేదని క్యాంపులో ఎవడికి తెలుస్తుంది? తెలియాల్సినవాడు పఠాన్, వాడేమో నేను ట్యాంకర్లో పోతానన్నాననుకుంటున్నాడు. ఫోర్‌మన్ లెక్క చూసేది పొద్దున బండెక్కేటప్పుడే. రూములో వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడరు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సాయంత్రం వంట వంతు నాది. ప్రాణం లేచొచ్చింది. మనిషిని మరిచిపోతారు గాని అన్నాన్ని మరిచిపోరు కదా. ఎనిమిది దాటితే ఆకలవుతుంది, వీడెక్కడ చచ్చాడని ఒకడైనా అడుగుతాడు, ఎవడో పఠాన్ దగ్గరికి పోతాడు, పఠాన్‌కు ఉన్న సంగతి తెలుస్తుంది. ఆ ఒక్క ఆశతో లేచాను. వాళ్ళు వచ్చేదాకా నేను బతికి ఉండాలి, నా వంతు పని అదే.

గాలి వాయవ్యం నుంచి కొడుతోంది. తడిబట్ట మీద ఆ గాలి తగిలితే ఎముకలోకి దిగుతుంది. అగ్గిపెట్టె ఉంటే కథ వేరేగా ఉండేది. కరోనా అప్పుడు ఊపిరితిత్తులకు మంచిదని బీడీ మానేశాను. మంచి అలవాటు కూడా ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

కొంచెం మెరక మీద ఒక పెద్ద జమ్మి ఉంది. దాని కొమ్మలు గాలివైపు నేలదాకా వాలి ఉంటాయి. దాని చాటున గుడిసె వేద్దామనుకున్నాను. పచ్చి కొమ్మ కొడితే కంపెనీ ఊరుకోదు, అది ఒక సంగతి. కంపెనీ ఏమీ అనకపోయినా జమ్మి మీద కత్తి వేయడానికి నాకు చెయ్యి రాదు. కింద రాలిన ఎండుకొమ్మలు ఏరాను. నాలుగు పాతి, పైన అడ్డం కట్టి, నారుమొక్కల మీద కప్పే పచ్చ నెట్టు తెచ్చి వేశాను. చిన్నప్పుడు మక్కచేను కాడ కాపలా గుడిసెలు ఎన్ని వేయలేదు! చేతులు వాటంతటవే పని చేశాయి. వేసి, లోపల కూర్చుని చూస్తే గాలి ఇటునుంచి వచ్చి అటు పోతోంది. బయట ఎంత చలో లోపలా అంతే. వణుకు ఇంకా ఎక్కువైంది.

ఎందుకని చూసుకుంటే అప్పుడు తెలిసింది, నేను వేసింది ఇద్దరికి. మా దగ్గర కాపలాకు ఒక్కణ్ణి ఎప్పుడూ పంపరు. ముచ్చట పెట్టేవాడు పక్కన లేకపోతే నిద్ర పట్టేస్తుందని, పందులొచ్చి చేను బుక్కిపోతాయని ఇద్దరిని పంపుతారు. అందుకని గుడిసె అంటే ఇద్దరు పడుకునే చోటు, కూర్చుంటే తల తగలనంత ఎత్తు. ఒక్కడికి ఎంత గుడిసె కావాలో నా చేతులకు తెలియదు. ఎవడూ నేర్పలేదు, అవసరమూ పడలేదు. ఒక్క ఒంటి వేడి ఇద్దరి గుడిసెకు చాలదు. రెండో మనిషి చోటు పీకేయాలి.

పీకేశాను. అది పీకుతుంటే నాకు ఎంత దుఃఖం వచ్చిందో చెప్పలేను. కర్రలే కదా, అనుకోండి మీరు. కాని ఆ జాగా ఎవరిది? ఆలోచిస్తే ఎవరూ తట్టలేదు. ఫలానావాడు పక్కనుంటే బాగుండునని అనుకోవడానికి కూడా ఒక మొహం గుర్తు రావాలి. పాతవాళ్ళ మొహాలు మసకబారాయి, కొత్తవాళ్ళవి నేను సరిగా చూడనేలేదు.

ఇంకా వెలుతురుంది. షెడ్డు వెనక మిగిలిన నల్లపైపు చుట్టలుగా పడి ఉంది. దాన్ని నడుముకు ఉండే పైపుల కత్తితో ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ విల్లులా వంచి, రెండు కొసలూ ఇసుకలో గుచ్చాను. గూడుబండి కప్పు ఎలా ఉంటుంది, అలా, కాకపోతే నడుము ఎత్తు కూడా లేదు. దూరడానికి ఒక మనిషి వెడల్పు, పడుకోవడానికి ఒక మనిషి పొడుగు. సన్న పైపుతో విల్లులన్నీ కలిపి కట్టాను. వేళ్ళు మొద్దుబారి ముడి పడకపోతే పళ్ళతో లాగాను. పైన నెట్టు, నెట్టు మీద ఎరువు సంచులు చింపి పరిచాను. తొందరలో పైనుంచి కిందికి పరుచుకుంటూ వచ్చేసరికి నీళ్ళన్నీ సందుల్లోంచి లోపలికే కారాయి. గడ్డి కప్పేవాడెవడైనా కింది వరస ముందు వేస్తాడురా ఎడ్డోడా అని నన్ను నేనే తిట్టుకుని, అన్నీ తీసి, కిందినుంచి మొదలుపెట్టాను. అంచుల మీద ఇసుక పోసి తొక్కాను.

లోపల నేల తడి. చేత్తో తవ్వితే బెత్తెడు కింద పొడి ఇసుక తగిలింది, అందులో ఇంకా నిన్నటి ఎండ ఉంది. అక్కడ మొదటిసారి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. తడి ఇసుకనంతా బయటికి తోడేశాను. మనిషి పొడుగున గుంట తయారైంది. తోడటం అయ్యాక లేచి చూసి భయపడ్డాను. ఎవడేమన్నా నా బొంద అనడం నాకు అలవాటని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బొంద అంటే మనిషిని పూడ్చే గొయ్యి. అదిగో, ఎదురుగా ఉంది. నా చేతులతో నేనే తవ్వుకున్నాను, కొలత కూడా సరిపోయింది. అందులోకి దిగడానికి కాళ్ళు రాలేదు. చాలాసేపు బయటే వానలో నిలబడ్డాను. పడుకుంటే లేవనేమోనని నిజంగా అనిపించింది. లేవకపోతే ఎన్నాళ్ళకు చూస్తారో అనిపించింది. చావుకంటే ఆ రెండో మాటే ఎక్కువ భయపెట్టింది.

జమ్మి కింద ఆకు మందంగా రాలి ఉంది. పైది తడిసినా లోపలిది పొడిగానే ఉంది. దాన్ని రెండు సంచుల నిండా కుక్కాను. ఒకటి కింద పరుచుకోవడానికి, ఒకటి గుడిసె నోట్లో అడ్డం పెట్టడానికి. తడి చొక్కా విప్పి పిండి, ఒక సంచికి తలకూ చేతులకూ కంతలు కోసి తొడుక్కున్నాను. ఇంకో సంచిని మూల మడిచి, ఊళ్ళో వానకు వేసుకున్నట్టు తలమీద వేసుకున్నాను. కోళ్ళ ఎరువు కంపు. పెళ్ళిలో అత్తరు కూడా అంత ఇష్టంగా పీల్చలేదు నేను. దండం పెట్టుకుని లోపలికి దూరాను.

లోపల చెప్పుకోవడానికేమీ లేదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాను. వణుకు కొంతసేపటికి తగ్గింది. చెవి మాత్రం బయటే పెట్టుకున్నాను. ఎనిమిదయి ఉంటుంది అనుకున్నాను, వంటగదిలో గిన్నె ఖాళీగా ఉందని చూసి ఉంటారు. తొమ్మిదయి ఉంటుంది అనుకున్నాను, పఠాన్ తలుపు కొట్టి ఉంటారు. గాలి మారినప్పుడల్లా బండి చప్పుడులా వినబడేది. సంచి పక్కకు తోసి తల బయటపెట్టేవాణ్ణి, ఉన్న వేడంతా పోయేది. కొన్నిసార్లు అలా చేశాక ఇక తియ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చెట్లతో మాట్లాడదామని చూశాను, మాట రాలేదు. రోజూ వాటిని తిట్టేది మనిషినని అనిపించుకోవడానికే అని అప్పుడర్థమైంది. ఎవరూ రాలేదు. ఎప్పుడో నిద్రపట్టింది.

తెల్లవారేసరికి వాన లేదు. ఒర్రెలో నీళ్ళు ఇసుక తాగేసింది, మడమ లోతు కూడా లేవు. కాళ్ళు బిగుసుకుపోయి మొదట నాలుగు అడుగులు దేక్కుంటూ పోయాను, తర్వాత లేచి నడిచాను. రోడ్డెక్కాక పికప్పు ఎదురొచ్చింది. పైపులు తెగాయేమో చూడమని పఠాన్‌ను ఒక్కణ్ణే పంపారట. సంచి తొడుక్కున్న నన్ను చూసి వాడు బ్రేకు మీద నిలబడ్డాడు.

"తుమ్ రాత్‌కో ఇధర్ థా?"

"ఇధర్‌హీ."

"తుమ్ ఖుద్ బోలా, చలే, చలే. హమ్ సమ్‌ఝా ట్యాంకర్‌మే జాయేగా."

"చలి బోలే తో ఠండ్. హమారా జబాన్‌మే."

"తో ఠండ్ బోల్నా థా నా, భాయ్" అన్నాడు మెల్లగా. ఠండ్ అనే అరవాల్సింది, అది నిజమే. వాడు నెత్తి కొట్టుకుని తౌబా తౌబా అంటూ, ఫ్లాస్కులో ఉన్న టీ మొత్తం నాకే పోశాడు, హీటరు నా వైపు తిప్పాడు. వాడి మీద నాకు కోపం లేదు. దారిలో ఒక్కటే అడిగాను, రాత్రి నా కోసం ఎవరైనా నీ దగ్గరికి వచ్చారా అని. వాడు రోడ్డు వైపే చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

వాన వల్ల ఆ రోజు డ్యూటీ ఖలాస్ అన్నారట, క్యాంపంతా పడుకుని ఉంది. మా రూములో లైటు లేదు. నా మంచం మీద ఒట్టి పరుపుంది. పైమంచంలో మంచిర్యాల వాడు రెండు దుప్పట్లు కప్పుకుని ఉన్నాడు. పైది నాది, పులిబొమ్మ దుప్పటి. నా చప్పుడుకు కళ్ళు తెరిచాడు.

"అచ్చినవా అన్నా."

"రాత్రి నేను రాలేదని నీకు ఎరుకేనా?"

"ఎరుకే. వంట నీదుండె గద. సూసి సూసి ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చుకొని తిన్నం."

"మరి యాడికి పోయిండనుకున్నవ్?"

"డ్యూటీ వడ్డదేమో అనుకున్న." ఆవులించాడు. "రాత్రి సలి బాగుండె. నీది ఊకెనే వడున్నది గదాని కప్పుకున్న, ఏమనుకోకు." పడుకునే ఉండి, చేత్తో తోసి దుప్పటి కిందికి జార్చాడు. గోడవైపు తిరిగాడు.

ఇంతెత్తున కోపం లేచింది. నేను లేనని చూశాడు. చూసి, దుప్పటి తీసుకున్నాడు. కాలర్ పట్టుకుని కిందికి లాగాలనిపించింది. లాగి ఏం చెప్పాలి? వాడు తప్పేం చేశాడు? వాడికి చలి పెట్టింది, ఒక దుప్పటి ఖాళీగా ఉంది. వాడి ఊరేంటో కూడా నేను ఇప్పటికీ సరిగా అడగలేదు. ఎరువు సంచి విప్పి, నీళ్ళు తాగి చచ్చిన ఫోనుతో సహా మంచం కిందికి తోసి, పడుకుని దుప్పటి కప్పుకున్నాను.

దుప్పటి వెచ్చగా ఉంది. రాత్రంతా వాడి ఒంటిమీద ఉన్న వేడి. తలమీదుగా లాక్కున్నాను. అడవిలో అంతసేపున్నా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఎంత బిగబట్టినా చప్పుడు బయటికి వస్తూనే ఉంది. పైమంచం కిర్రుమంది.

"అన్నా, ఫోన్ సౌండ్ జర తగ్గియ్యి. నిద్ర వడ్తలేదు" అన్నాడు వాడు.

తగ్గించాను.